కడుపులో పాములు, నులిపురుగులు, కడుపు క్లీనింగ్: మా మెడికల్ షాపులో జనం అడిగే ప్రశ్నలు

నాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి వైపు చిన్న మెడికల్ షాపు, కౌంటర్ వెనకాల నిలబడి 18 ఏళ్ళయింది. రోజూ ఎవరో ఒకరు పక్కవాళ్ళు వింటారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "బాబూ, గుంటడికి కడుపులో పాములున్నట్టున్నాయి, ఏటైనా ఇయ్యి" అంటారు. ఈమధ్య ఇంకో రకం వాళ్ళు కూడా వస్తన్నారు, ఫోన్ ముందుకి చాపి "ఈ రీల్‌లో చెప్పిన కడుపు క్లీనింగ్ పౌడర్ నీ దగ్గరుందా" అని. వెనక లైన్లో నలుగురు నిలబడి ఉంటే ఎవరికీ సరిగ్గా చెప్పలేను, అందుకే తీరుబడిగా ఇక్కడ రాస్తన్నాను. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మందు గురించి నాకు తెలిసింది చెప్తాను, మీ ఒంట్లో ఏముందో చూసి చెప్పాల్సింది మాత్రం డాక్టరే.

పాములు, నులిపురుగులు, కొంకి పురుగులు... అన్నీ ఒకటేనా?

కాదు. మనం అన్నిటినీ కలిపి నులిపురుగులు అనేస్తాం, గొర్రెలకైతే నట్టలు అంటాం, కానీ మనుషుల కడుపులో ఉండేవి చాలా రకాలు, ఒక్కోదాని దారి ఒక్కోటి.

ఏలికపాము అంటే వానపాములా పొడుగ్గా ఉండేది. ఆడదైతే 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటాది, అంటే స్కూల్ పిల్లల స్కేలంత. రోజుకి రెండు లక్షల దాకా గుడ్లు పెడతాది. మోషన్‌లోనో ఒక్కోసారి జ్వరం వచ్చినప్పుడు నోట్లోంచో బయటికొచ్చి ఇంటిల్లిపాదినీ హడలగొట్టేది ఇదే.

కొంకి పురుగు సెంటీమీటరు ఉంటాది అంతే, కంటికి కనబడటం కష్టం, పేగు గోడని కరిచిపట్టుకుని రక్తం తాగుతాది. నన్నడిగితే మన పొలాల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువ భయపడాల్సింది దీనికి, కానీ కనబడదు కాబట్టి ఎవరూ భయపడరు.

అసలు నులిపురుగు అంటే తెల్లదారం ముక్కలా ఉండి పిల్లలకి రాత్రిపూట దురద పెట్టేది. ఇవి కాక కొరడా పురుగు, బద్దె పురుగు ఉన్నాయి. కంటికి అసలు కనబడని అమీబా, జియార్డియా కూడా పేగుల్లోనే ఉంటాయి గానీ వాటి మందు వేరు, కింద చెప్తాను.

మావాడు రాత్రి పళ్ళు కొరుకుతున్నాడు, బుగ్గల మీద తెల్లమచ్చలు కూడా ఉన్నాయి, పాములే కదా?

మా అమ్మ కూడా ఇదే చెప్పేది. కానీ పళ్ళు కొరకడానికీ పాములకీ సంబంధం ఉందని గట్టి రుజువేం లేదు, పాములు లేని పిల్లలు కూడా బోలెడుమంది నిద్దట్లో పళ్ళు కొరుకుతారు. బుగ్గల మీద పొడిపొడిగా వచ్చే తెల్లమచ్చలు చాలావరకు చర్మం ఎండిపోవడం వల్ల వచ్చేవి, ఎండలో తిరిగితే ఇంకా తెల్లగా కనబడతాయి, మెల్లగా వాటంతటవే పోతాయి. దానికని నెలకోసారి పాముల మాత్ర వేసేవాళ్ళని చూశాను, అలా చెయ్యకండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం అది వేరే సంగతి, వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్ళి చూపించండి.

మట్టి తినడం, బలపాలు, సున్నం, పచ్చిబియ్యం నమలడం కనబడితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువైన గుర్తు. ఐరన్ తగ్గడం వల్ల మట్టి తింటారు, మట్టి తినడం వల్ల పాముల గుడ్లు లోపలికెళ్తాయి, దాంతో ఒళ్ళు ఇంకా చిక్కిపోతాది. మాత్ర ఒక్కటే వేసి ఊరుకోకుండా రక్తం టెస్ట్ కూడా చేయించాలి.

బెల్లం, చాక్లెట్లు ఎక్కువ తింటే పాములు పడతాయట?

పడవు. పాము గుడ్డు లోపలికి వెళ్తేనే పాము వస్తాది, బెల్లంలోంచి పుట్టదు. తీపి వల్ల పళ్ళు పాడవుతాయి, అది వేరే. పాకం చేత్తో పట్టుకుని మట్టిలో ఆడుతూ తింటే ఆ చేతి మట్టి వల్ల రావచ్చు, మరి అందులో బెల్లం తప్పేముంది.

మరి ఎలా వస్తాయి? మేం శుభ్రంగానే ఉంటాం కదా

ఒకరి మలం ఇంకొకరి నోట్లోకో కాళ్ళలోకో చేరడం వల్ల వస్తాయి. వినడానికి అసహ్యంగానే ఉంటాది గానీ ఇంతకంటే మర్యాదగా చెప్పే దారి నాకు లేదు.

ఏలికపాము గుడ్లు మలంతో నేలమీద పడ్డాక ముదరడానికి రెండు మూడు వారాలు పడతాది, ఆ తరవాతే అంటుకుంటాయి. ముదిరిన గుడ్లు తడిమట్టిలో ఏళ్ళతరబడి బతుకుతాయి. చెరువుగట్టునో గెడ్డ ఒడ్డునో ఎవరో కూర్చుంటారు, వాన పడతాది, ఆ నీళ్ళు తోటకూర మడిలోకి పారతాయి, ఆ తోటకూర మన ఇంటికొస్తాది. గుడ్డు కడుపులోకెళ్ళి పగిలాక అందులోని పిల్లపురుగు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, అక్కణ్ణించి గొంతులోకి ఎక్కి, మనం మింగితే మళ్ళీ పేగులోకి వచ్చి అప్పుడు పెద్దదవుతాది. ఇదంతా రెండు మూడు నెలల ప్రయాణం. ఆ మధ్యలో కొందరు పిల్లలకి పొడిదగ్గు, ఆయాసం రావడం ఇందుకే, రక్తం టెస్ట్‌లో ఈసినోఫిల్స్ అనే ఒకరకం తెల్లరక్తకణాలు ఎక్కువ కనబడతాయి.

కొంకి పురుగు నోటిదాకా రానక్కర్లేదు. ఉత్తికాళ్ళతో తడిమట్టిలో నడిస్తే వేళ్ళ సందుల్లోంచి చర్మం తొలుచుకుని లోపలికెళ్తాది, అక్కడ నాలుగురోజులు దురదగా ఉండి తగ్గిపోతాది. ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, నీళ్ళ మడిలో చెప్పులేసుకుని దిగమని నేను చెప్పలేను, అది జరిగే పని కాదని నాకు తెలుసు. కానీ దొడ్డికి వెళ్ళేటప్పుడు, కళ్ళం దగ్గర, జీడితోటల్లో, గట్ల మీద నడిచేటప్పుడు చెప్పులు వేసుకోవచ్చు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించుకుని అందులో కట్టెలు, పిడకలు పెట్టుకున్న ఇళ్ళు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి ఆ కట్టెలు బయటపెట్టి దాన్ని వాడండి. మీ ఒక్క ఇల్లు వాడితే మీకు రాకుండా పోదు, వీధంతా వాడాలి.

ఐరన్ మాత్రలు మూడునెలలుగా మింగుతున్నాను, రక్తం పెరగట్లేదు. ఎందుకు?

ఈ ప్రశ్న ఒకావిడ అడిగింది, ఆవిడ మొహం నాకు ఇంకా గుర్తుంది. పక్క ఊర్నించి కూలికెళ్ళే ఆవిడ, నలభై లోపే ఉంటాది వయసు. షాపు మూడు మెట్లు ఎక్కి స్తంభం పట్టుకుని ఆగిపోయింది. పెదాలు తెల్లగా, గోళ్ళు పలచబడి గరిటెలా లోపలికి వంగిపోయి ఉన్నాయి. సంచిలోంచి రిపోర్ట్ తీసిచ్చింది, హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్ళకి 12 ఉండాలి. "మాత్రలు మింగుతునే ఉన్నాను నాయినా, నల్లగా మోషన్ అవుతాంది గానీ ఓపిక రాలేదు" అంది.

మోషన్ టెస్ట్ చేయించారా అనడిగితే ఎవరూ చెప్పలేదంది. పెద్దాసుపత్రికి వెళ్ళమని గట్టిగా చెప్పాను, అక్కడ టెస్ట్‌లో కొంకి పురుగు గుడ్లు కనబడ్డాయి. రకాన్ని బట్టి ఒక్కో పురుగు వల్ల రోజుకి 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం పోతాది. వినడానికి చుక్క కూడా కాదు, కానీ వంద పురుగులుంటే రోజుకి 3 నుంచి 20 మిల్లీలీటర్లు, అదీ నెలల తరబడి. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు పైనుంచి ఐరన్ వేస్తూ ఉంటే కిందనుంచి పోతూనే ఉంటాది. పురుగుల మందు పడ్డాక అవే ఐరన్ మాత్రలు పనిచేశాయి, నాలుగునెలల తరవాత అవే మెట్లు ఆగకుండా ఎక్కింది.

రక్తం తక్కువని తెలిస్తే, అందులోనూ పొలం పనికెళ్ళేవాళ్ళయితే, పురుగుల సంగతి కూడా చూడమని డాక్టర్ని మీరే అడగండి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోండి, టీతో వద్దు.

గుంటకి రాత్రయ్యేసరికి కింద దురద, నిద్రపోదు, ఏడుస్తాది. మోషన్ టెస్ట్‌లో ఏం రాలేదు

ఇది నులిపురుగు పని. ఆడపురుగు రాత్రి పిల్ల పడుకున్నాక బయటికొచ్చి ఆసనం చుట్టూ గుడ్లు పెట్టి పోతాది, మోషన్‌లో గుడ్లు ఉండటం అరుదు, అందుకే టెస్ట్‌లో చాలావరకు దొరకవు. తెల్లారి పిల్ల లేవగానే, ఇంకా కడగకముందే, పారదర్శకంగా ఉండే సెల్లోటేప్ ముక్క తీసుకుని జిగురు వైపు ఆసనం చుట్టూ మెల్లగా అద్ది, ల్యాబ్ వాళ్ళిచ్చిన గాజు పలక మీద అంటించి ఇస్తే మైక్రోస్కోప్‌లో కనబడతాయి. ఒకరోజు దొరక్కపోతే మూడురోజులు వరసగా చెయ్యాలి. రాత్రి పడుకున్న రెండు మూడు గంటలకి టార్చి వేసి చూసినా తెల్లదారం ముక్కలు కదులుతూ కనబడొచ్చు, మా చిన్నదానికి నేను అలాగే పట్టుకున్నాను.

పిల్లకి ఒక్కదానికే మాత్ర వేస్తే లాభం లేదు. పిల్ల గోక్కుంటాది, గోళ్ళలో గుడ్లు ఉంటాయి, అదే చెయ్యి అన్నం గిన్నెలో, మంచం మీద, తలుపు గొళ్ళెం మీద పడతాది. అందుకే ఏడాది లోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు తప్ప ఇంట్లో అందరూ ఒకేరోజు వేసుకుని, రెండువారాలకి మళ్ళీ ఒక డోసు వేసుకోవాలి. మొదటి డోసు పెద్ద పురుగుల్ని చంపుతాది గానీ గుడ్లని కాదు, ఆ గుడ్లు పెద్దవయ్యే టైముకి రెండో డోసు అన్నమాట. మాత్రతో పాటు గోళ్ళు పొట్టిగా కత్తిరించండి, రాత్రి బిగువైన డ్రాయర్ వేసి పొద్దున్నే మార్చండి, పొద్దున్నే స్నానం చేయించండి. దుప్పట్లు గదిలో దులపొద్దు, గుడ్లు గాల్లో లేచి అందరి మీదా పడతాయి. మడిచి తీసుకెళ్ళి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి. గుడ్లు బట్టల మీద రెండు మూడు వారాల దాకా బతుకుతాయి మరి.

మాత్ర ఎంత వెయ్యాలి? స్కూల్లో ఇచ్చేది మంచిదేనా?

స్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో ఇచ్చేది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, మా షాపులో ఉండేదీ అదే మందు, పది రూపాయల దగ్గర్లోనే ఉంటాది. జాతీయ నులిపురుగుల నివారణ దినం అని ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పెడతారు, 2015లో మొదలైంది. ఆరోజు రానివాళ్ళకి వారం లోపల మళ్ళీ ఇస్తారు. 2 నుంచి 19 ఏళ్ళవాళ్ళకి ఒక మాత్ర, 1 నుంచి 2 ఏళ్ళ పిల్లలకి సగం మాత్ర నలిపి నీళ్ళలో కలిపి పట్టాలి. ఏడాది లోపు పిల్లలకి వద్దు. పెద్ద పిల్లలు నమిలి మింగాలి, ఉత్తినే గుటుక్కుమనిపించకూడదు. చిన్నపిల్లల్ని పడుకోబెట్టి, ముక్కు మూసి మాత్ర నోట్లో తొయ్యకండి, గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదకొస్తాది. మన జిల్లాల్లో బోదకాలు మందు పంచినప్పుడు డీఈసీతో పాటు ఇచ్చే ఇంకో మాత్ర కూడా ఇదే.

ఆరోజు పిల్లకి జ్వరంగా ఉన్నా ఇంకేదైనా ఒంట్లో బాలేకపోయినా టీచరుకి చెప్పి ఆపండి, తగ్గాక వెయ్యొచ్చు.

ఏటా ఈ రోజుల్లో "స్కూల్లో మాత్ర వేస్తే పిల్లలు వాంతులు చేసుకున్నారు" అని వాట్సాప్‌లో తిరుగుతాది, తల్లులు పరిగెత్తుకొస్తారు. పురుగులు ఎక్కువ ఉన్న పిల్లలకి అవి చచ్చేటప్పుడు కాస్త కడుపునొప్పి, వికారం, వాంతి రావొచ్చు, నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తే కాసేపట్లో తగ్గుతాది. తగ్గకపోతే ఏఎన్ఎంకో డాక్టరుకో చూపించాలి. దానికి భయపడి మాత్ర మానిపించకండి.

కొరడా పురుగుకి మాత్రం ఒక్క డోసు సరిపోదు, మూడురోజులు వరసగా రాస్తారు. మీ అంతట మీరు డోసులు పెంచుకోకండి.

మాత్ర వేసిన మర్నాడు ఆముదం తాగాలా? మా నాయనమ్మ తాగించేది

తాగక్కర్లేదు. కానీ మీ నాయనమ్మ తప్పు చెప్పలేదు, ఆవిడ కాలానికి అది సరైన మాటే. ఒకప్పుడు పాములకి సాంటోనిన్ అని మందు ఉండేది, మాచిపత్రి జాతి మొక్క మొగ్గల్లోంచి తీసేవాళ్ళు, డోసు కాస్త ఎక్కువైతే మనిషికి లోకమంతా పసుపురంగులో కనబడేది. ఆ తరవాత పిపరజీన్ సిరప్ వచ్చింది. ఈ పాతకాలం మందులు పాముని మత్తులో పడేస్తాయి గానీ చంపవు. మత్తు దిగేలోపు బయటికి తోసెయ్యాలి, లేకపోతే మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటాది, అందుకని విరేచనాల మందు వెనకాలే ఇచ్చేవాళ్ళు. ఆల్బెండజోల్ అలా కాదు, పురుగుకి చక్కెర అందకుండా చేసి రెండు మూడు రోజుల్లో చంపేస్తాది, చచ్చింది మామూలు మోషన్‌తోనే పోతాది, చాలాసార్లు కనబడదు కూడా. "మాత్ర వేశాను, ఒక్క పామూ పడలేదు, మాత్ర మంచిది కాదు" అనేవాళ్ళకి ఇదే నా సమాధానం.

చిన్నపిల్లలకి ముక్కు మూసి ఆముదం పట్టడం ఇకనైనా ఆపండి. అది పేగుని బలవంతంగా పిండుతాది, బక్కపిల్లలకి ఒంట్లో నీరంతా పోతాది.

ఆన్‌లైన్‌లో పారాసైట్ క్లెన్స్ కిట్ వాడితే తాళ్ళలాంటి పాములు పడ్డాయి, ఫోటోలు కూడా ఉన్నాయి. అది అబద్ధమా?

మాకు మావయ్య వరస అయ్యే ఒకాయన అచ్చంగా అదే తెచ్చి చూపించాడు. హార్లిక్స్ సీసా, మూత బిగించి, పైన కవర్ చుట్టి. రెండువేల చిల్లర పెట్టి నెలరోజుల కిట్ కొన్నాడు, పొద్దున్నే పౌడర్, రాత్రి క్యాప్సూల్. సీసాలో మూరెడు పొడుగు బూడిదరంగు జిగట తాడు. "చూడరా అల్లుడూ, ఇన్నాళ్ళూ నా కడుపులో ఇంత పెద్దది ఉంది" అంటన్నాడు, చేతులు వణుకుతున్నాయి పాపం.

నేను గ్లవ్స్ వేసుకుని కర్రపుల్లతో కదిపి చూశాను. లాగితే సాగి తెగిపోయింది. ఏలికపామయితే రెండు చివర్లూ సన్నగా ఉండి, గట్టిగా, రబ్బర్ ట్యూబులా ఉంటాది, బద్దె పురుగయితే టేపులా గళ్ళుగళ్ళుగా ఉంటాది. దీనికి తలా లేదు, తోకా లేదు, గళ్ళూ లేవు. నాకు తెలిసిన ల్యాబ్‌లో చూపిస్తే గుడ్డు ఒక్కటి కూడా లేదు, పేగు జిగురు, పొట్టు, పిండిలాంటి పదార్థం అన్నారు. కిట్ డబ్బా తెప్పించి చదివితే తెలిసిపోయింది. ఇసబ్‌గోల్ పొట్టు, ఒకరకం బంకమట్టి, విరేచనాల ఆకు. ఇసబ్‌గోల్ నీళ్ళలో వేస్తే ఏమవుద్దో మీ ఇంట్లో గ్లాసులో వేసి చూడండి, అరగంటలో జెల్లీ అవుద్ది. దానికి మట్టి కలిసి, పేగు మెలికల్లో సాగి, విరేచనాల మందుతో బయటికొస్తే తాడులా రాక ఇంకెలా వస్తాది. అమ్మిన పౌడరే బయటికొస్తాది, దాన్నే పాము అని చూపించి ఇంకో నెల కిట్ కొనిపిస్తారు.

ఆయన్ని తప్పుపట్టను. చాన్నాళ్ళుగా కడుపు ఉబ్బరం, సరిగ్గా వినేవాడు ఎవరూ దొరకలేదు, ఫోన్‌లో ఒకడు దొరికాడు. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పాలు పడట్లేదని తేలింది, రోజూ నాలుగు టీలు తాగుతాడాయన.

పేగుల గోడలకి ఏళ్ళతరబడి మలం అంటుకుపోయి ఉంటాదట, కడగాలి కదా?

అంటుకోదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తానే ఉంటాది, దానిమీద ఏళ్ళనాటిది ఎక్కడ నిలుస్తాది? కొలనోస్కోపీ చేసే డాక్టర్లు రోజూ కెమెరాతో లోపల చూస్తానే ఉంటారు, గోడకి పేరుకుపోయిన పెచ్చులు వాళ్ళకి కనబడవు. మలబద్ధకం నిజమే, అది వేరే సమస్య, దానికి మందుంది. కడగడం అన్నది డాక్టర్లు పరీక్షకో ఆపరేషన్‌కో ముందు చేయించే పని, నెలనెలా ఇంట్లో చేసుకునేది కాదు.

ఉప్పునీళ్ళు లీటర్లకొద్దీ తాగి కడుపు కడిగేసుకోవచ్చా? యోగాలో ఉంది కదా

శంఖప్రక్షాళన యోగాలో ఉన్నమాట నిజమే, గురువు పక్కన ఉండి, మనిషిని చూసి, చేయించేది. వీడియో చూసి పరగడుపున రెండు లీటర్ల ఉప్పునీళ్ళు తాగడం వేరు. బీపీ, గుండె జబ్బు, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు అస్సలు చెయ్యకూడదు.

ఇంకోమాట, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకించి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి మా షాపుకొచ్చే ప్రతి పదిమందిలో ఎవరో ఒకరి ఇంట్లో క్రియాటినిన్ రిపోర్ట్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తాందో చెప్పే రక్తం టెస్ట్, ఉంటాది. కిడ్నీ జబ్బు ముదిరేదాకా బయటపడదు, మనకి ఉందో లేదో మనకే తెలీదు. ఎండలో కొబ్బరితోటలో, జీడితోటలో పనిచేసి అసలే ఒంట్లో నీరు తక్కువైన మనిషి, పైనుంచి విరేచనాల మందేసుకుని పదిసార్లు వెళ్తే కిడ్నీకి దెబ్బ. ఫాస్ఫేట్ ఉప్పు ఉండే విరేచనాల మందులు ఉన్నాయి, అవి నేరుగా కిడ్నీని పాడుచేసిన సందర్భాలు ఉన్నాయి, డాక్టర్ రాయకుండా ఎవరడిగినా నేను ఇవ్వను. డీటాక్స్ పేరు మీద ఏది మింగేముందైనా ఒక్కసారి క్రియాటినిన్ చూపించుకోండి, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా ఉంది ఇప్పుడు.

వేపాకు, వాయువిడంగాలు, బొప్పాయి గింజలు పనిచెయ్యవా?

వాయువిడంగాలు, మోదుగ గింజలు ఆయుర్వేదంలో క్రిములకి ఎప్పణ్ణించో వాడుతున్నవే. పనిచెయ్యవని నేను అనను, ఆయుర్వేదం చదివిన డాక్టర్ మనిషిని చూసి డోసు చెప్తే వాడుకోండి. బొప్పాయి గింజల మీద 2007లో నైజీరియాలో 60 మంది పిల్లలతో ఒక పరిశోధన అచ్చయింది, ఎండబెట్టిన గింజలపొడి తేనెలో కలిపి ఇస్తే చాలామందికి మోషన్‌లో గుడ్లు పోయాయి. ఆశగా అనిపిస్తాది గానీ 60 మంది అంటే చాలా చిన్నది, గర్భిణులకి బొప్పాయి గింజలు వద్దు. వేపాకు ముద్ద నోటికి చేదు, పురుగుకి దానివల్ల అంత నష్టమేమీ లేదు.

కానీ గాడిదగడపాకు మాత్రం ముట్టుకోకండి. పొలంగట్ల మీద నేలపాకుడుగా పెరుగుతాది, పసరు తీసి పిల్లలకి పాముల మందుగా పట్టేవాళ్ళు మా చిన్నప్పుడు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటాది, అది కిడ్నీల్ని తినేస్తాది, క్యాన్సర్ కూడా తెస్తాది. 1990లలో బెల్జియంలో సన్నబడ్డానికని ఇచ్చిన మూలికల మందులో ఇదే జాతి మొక్క కలిసిపోయి వందమంది దాకా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఉద్దానం జబ్బుకి ఇదే కారణం అని నేను అనట్లేదు. అసలే కిడ్నీల గురించి భయపడుతున్న ఊళ్ళలో ఆ పసరు పిల్లల నోట్లో పొయ్యొద్దు అంటన్నాను.

జిగట విరేచనాలు, రక్తం పడుతోంది, అదే పాముల మాత్ర ఇచ్చెయ్యి

ఇవ్వను. అది అమీబా కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, మందు వేరు. అమీబాకి మెట్రోనిడజోల్ లాంటివి డాక్టర్ రాస్తారు, అది వాడినన్నాళ్ళూ, అయ్యాక మూడురోజులూ, మందు, కల్లు ముట్టకూడదు, వాంతులు, గుండెదడ వస్తాయి. కల్లు తాగే మగవాళ్ళకి కుడిపక్క డొక్కలో నొప్పి, జ్వరం, చలి ఉంటే లివర్‌లో అమీబా చీముగడ్డ కూడా కావచ్చు, అది గ్యాస్ నొప్పి అనుకుని వారాలు గడిపెయ్యకండి. జియార్డియా అయితే మోషన్ జిడ్డుగా, కంపుగా తేలుతాది, పిల్ల బరువు పెరగదు. ఈ రెండూ నీళ్ళతోనే ఎక్కువ వస్తాయి, క్లోరిన్ బిళ్ళకి కూడా ఓపట్టాన చావవు. వానాకాలం నాగావళి, వంశధార బురదనీళ్ళు వచ్చేటప్పుడు నీళ్ళు తెర్లేలా ఒక నిమిషం మరిగించి చల్లార్చుకుని తాగండి.

క్యాబేజీలో పురుగు బుర్రలోకి వెళ్తాదా?

క్యాబేజీలో కనబడే పచ్చపురుగు సీతాకోకచిలుక జాతిది, అది ఉడికిపోతాది, బుర్రలోకి వెళ్ళదు. భయపడాల్సింది కనబడని బద్దె పురుగు గుడ్డుకి. సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్న మనిషి కడుపులో బద్దె పురుగు పెరుగుతాది. ఆ మనిషి మలంలోని గుడ్లు కూర మీదో చేతుల మీదో పడి ఇంకొకరి నోట్లోకెళ్తే, ఆ ఇంకొకరి మెదడులో తిత్తులు కడతాయి, ఫిట్స్ వస్తాయి. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్ళకి కూడా వస్తాది. ఫిట్స్ ఉన్నవాళ్ళు పాముల మాత్ర వేసుకునేముందు డాక్టర్ని తప్పకుండా అడగండి, మెదడులో తిత్తి ఉంటే ఆ మందు వల్ల వాపొచ్చి ఫిట్స్ ఎక్కువ కావచ్చు.

కడుపుతో ఉన్నాను, వేసుకోవచ్చా?

మొదటి మూడునెలలు వద్దు. ఆ తరవాత ఏఎన్ఎం గాని డాక్టర్ గాని చూసి ఇస్తారు, వాళ్ళిస్తేనే.

పాములుంటే ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

పిల్లకి కడుపు గట్టిగా ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో పచ్చగా వాంతులవుతూ, మోషన్, గ్యాస్ రెండూ ఆగిపోతే ఏలికపాములు ఉండకట్టి పేగుకి అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు మాత్ర వెయ్యొద్దు, ఆముదం అస్సలు పొయ్యొద్దు, నోట్లోకి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చెయ్యండి. కళ్ళు పచ్చబడి కుడిపక్క నొప్పి వచ్చినా అంతే. మోషన్‌లో రక్తం, తగ్గని జ్వరం, బరువు తగ్గిపోవడం, యాభై దాటాక కొత్తగా మోషన్ తీరు మారడం, ఇవన్నీ పాములని మీరే తేల్చేసుకోకండి.

మోషన్ టెస్ట్‌కి ఎలా ఇవ్వాలి? సిగ్గుగా ఉంటాది

ల్యాబ్‌లో మూతున్న చిన్న డబ్బా ఇస్తారు, దానికి చెమ్చా కూడా ఉంటాది. నేలమీద నుంచో బేసిన్ నీళ్ళలోంచో తియ్యకూడదు, పాత పేపరు గాని పాలిథిన్ కవర్ గాని పరిచి దానిమీద వెళ్ళి, శనగగింజంత చాలు, జిగట గాని రక్తం గాని ఉంటే ఆ ముక్క తియ్యండి. యూరిన్ కలవనివ్వకండి. అమీబా అనుమానమైతే అరగంటలోపు ల్యాబ్‌లో ఉండాలి, చల్లారితే అది కదలడం మానేస్తాది, దొరకదు. మిగతా వాటికి కాస్త ఆలస్యమైనా పరవాలేదు. ఒక్కసారి ఏం లేదని వచ్చినా వేరే రోజుల్లో ఇంకో రెండుసార్లు ఇవ్వాలి, పురుగులు రోజూ ఒకేలా గుడ్లు పెట్టవు. డబ్బా నల్లకవర్‌లో వేసుకుని పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్తే జనం ఉండరు, ల్యాబ్‌లో కుర్రాడు పేరు రాసుకుని తీసుకుంటాడు, ఎవరూ ఏమీ అడగరు.